పిన్ని తెల్లచీరకు ఐర్లండు మహిమ

మూఢనమ్మకం మన ఒక్కరి సొత్తు అని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా గట్టిగా నమ్మాను. పిల్లి ఎదురైతే వెనక్కి తిరగడం, తుమ్మితే కూర్చోవడం, మంగళవారం గోళ్లు తీయకపోవడం మన తాతలు విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కుతూ మూటల్లో కట్టి తెచ్చుకున్న సరుకని, తెల్లవాళ్ల దగ్గర ఇలాంటివి ఉండవని, అందుకే వాళ్లు మనల్ని ఏలుతున్నారని సభల్లో అరిచి చెప్పేవాణ్ణి. ఆ సిద్ధాంతాన్ని మా తోట మేనేజరు దొరసాని ఒక్క ఏడాదిలో నేలమట్టం చేసింది.

మాది మలాయ్ దేశంలో సుంగై సుమున్ దగ్గర రబ్బరు తోట. నేను ఆఫీసులో చిన్న గుమస్తాను, తోట మాటలో కిరాణీని. ఎమర్జెన్సీ రోజులు కాబట్టి కూలీల ఇళ్ల వరసల చుట్టూ, తోట మాటలో లయాల చుట్టూ, ముళ్లకంచె ఉండేది, రాత్రి కాగానే గేటు మూసేసేవారు. దొరల మీద తిరగబడి అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు లోపలివాళ్లు బియ్యం అందించకూడదని ఆ ఏర్పాటు. శనివారం రాత్రుళ్లు కంచె లోపలే పెట్రోమాక్సు దీపం వెలిగించి మా సంస్కరణ సంఘం చర్చలు నడిపేది. దయ్యం ఉందా లేదా, జాతకం నిజమా అబద్ధమా, ఇలాంటి విషయాలు. లయమంతా వచ్చేది. నా వాగ్ధాటికి వస్తున్నారనుకునేవాణ్ణి. కంచె అవతలికి పోయే దారి లేక వస్తున్నారని తర్వాత తెలిసింది.

దొర ఇంగ్లండు మనిషి. దొరసాని మాత్రం ఐర్లండు మనిషి. ఆమెను ఇంగ్లీషు దొరసాని అంటే పళ్లు కొరికేది. పసిపిల్లలకు పాలు పంచే పని ఆమె స్వయంగా చూసుకునేది. ఆమెకు తెలుగు రాదు, తల్లులకు ఇంగ్లీషు రాదు. అందుకని మధ్యలో నన్ను నిలబెట్టేవారు.

ఆమె గోడ మీద కాలెండరు అందరి గోడల మీద ఉన్నటువంటిదే. కానీ ఆమె దాన్ని పాముల పుట్టను చూసినట్టు చూసేది. జనవరి ఒకటిన గడప దాటి లోపలికి వచ్చే మొదటి మనిషి నల్లజుట్టు మగవాడై ఉండాలట. ఆడది రాకూడదు. ఎర్రజుట్టు ఆడది వచ్చిందా, ఆ ఏడాది ఇంటికి మూడినట్టే. చిక్కేమిటంటే ఎర్రజుట్టు ఆమెదే. తన అపశకునం తనకే తగులుతుందని, ముందురోజు సాయంత్రం నుంచి ఆమె వాకిట్లోకి కూడా దిగేది కాదు. నల్లజుట్టుకు తోటలో కరువు లేకపోయినా, జుట్టూ ఒళ్లూ రెండూ తగినంత నలుపని నన్నే పిలిచింది. సూత్రరీత్యా రాలేనని చక్కటి ఇంగ్లీషులో చెప్పాను. కారు డ్రైవరు వెళ్లాడు. కేకూ, బ్రాందీ సీసా పుచ్చుకుని వచ్చాడు. ఆ సీసా విషయంలో మా నాన్న నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మే ఒకటిన బంగళా నుంచి నిప్పు, ఉప్పు, పాలు గడప దాటకూడదు. దాటితే ఏడాది పొడవునా ఇంటి వెన్న పక్కింటికి పోతుందట. పక్కిల్లు మైళ్ల దూరంలో ఉంది, వెన్న డబ్బాలో వస్తుంది. అయినా పిల్లల పాలు ఆగాయి. మే ఒకటిన పని ఆపేవాళ్లెవరో కనిపెట్టడమే ఉద్యోగమైన పోలీసు ఇన్‌స్పెక్టరు, పాలు ఆపిన కమ్యూనిస్టు ఎవరని విచారణకు వచ్చాడు. అది మేనేజరుగారి భార్య అని తెలిసి టీ తాగి వెళ్లాడు. ఇక నవంబరులో ఒక సాధువు పండుగకు చక్రమనేది తిరగకూడదు. దొర సూటు వేసుకుని, చెమటలు కారుస్తూ ఎర్రమట్టి రోడ్డు మీద క్లబ్బుకు నడిచి వెళ్లాడు. సైకిలు మీద వెళ్తున్న నన్ను చూసి అసూయపడిన తెల్లవాణ్ణి ఆ ఒక్కణ్ణే నేను ఎరుగుదును.

వీటన్నిటికీ పొంగిపోయింది మా కంగాణీ గారి భార్య. కూలీల మేస్త్రీ అయిన కంగాణీని తోటంతా వినేది, కంగాణీ ఆమెను వినేవాడు. అందరికీ ఆవిడ పెద్దమ్మ. మలాయ్ వాళ్లలాగా మాట చివర 'లా' తగిలించేది.

"సూసినావేటి కిరాణీ? సందేళ ఉప్పు ఇవ్వకూడదని నాను సెప్తే నవ్వినావు. దొరసానమ్మ కూడా అదే అంతంది. మరి ఆవిడ మీద కూడా సబ పెట్టు లా!"

ఉప్పు గురించి, గడప గురించి, బయట ఆరేసిన పిల్లల గుడ్డల మీద పడే గాలి గురించి ఆ ఇద్దరూ పాలగిన్నె పక్కన కూర్చుని ఎంతసేపు మాట్లాడుకున్నారో లెక్కలేదు. ప్రతి ముక్కా అనువదించింది నేను. మూఢత్వం మీద యుద్ధం ప్రకటించిన మనిషే మూఢత్వానికీ మూఢత్వానికీ మధ్య పెళ్లిళ్ల పేరయ్య కావడం ప్రపంచ చరిత్రలో మరెక్కడా జరిగి ఉండదు.

అసలు సంగతి మా పిన్నిది. బాబాయి చెట్లకు గాటు పెట్టి పాలు తీసేవాడు. జ్వరమొచ్చి పోయాడు. తోటలో పనిచేసేవాళ్లకే లయంలో ఇల్లు. పిన్నికి మోకాలి నొప్పి, చెట్టు చెట్టుకూ తిరగలేదు. ఆమెకు మిగిలిన దారి ఒక్కటే. తల్లులు తెల్లవారుజామున పనికి పోతూ పిల్లల్ని దించి వెళ్లే పాక ఉంటుంది, ఆయా కొట్టాయి అంటారు. అక్కడి ముసలి ఆయా ఓడెక్కి దేశం వెళ్లిపోయింది. ఆ పని పిన్నికి వస్తే ఇల్లు నిలుస్తుంది. మా ఇంటికి రమ్మంటే అక్క గుమ్మంలో తన ముఖం వద్దంది. పని రాకపోతే బంటింగ్‌లో మరిది ఇంటికి పోవాలి. ఆ తోడికోడలు పిన్నిని వసారాలో పడుకోమని ముందే కబురు పంపింది.

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వస్తున్న ఏడాది అది. కొత్త సంవత్సరం మొదట్లో దొర నన్ను పిలిచి, తల్లులు ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఒప్పుకోకపోతే కూలీలతో తగువు తను పడలేనని, ఫిబ్రవరి మొదటి వారంలో ఏదో ఒకటి చెప్పమని అన్నాడు.

తల్లులు ఒప్పుకోలేదు.

"మీ పిన్ని బంగారమే బాబూ," అంది పెద్దమ్మ. "కానీ సీకటితో లేసి, కత్తి పట్టుకుని, పాములున్న తోటలోకి ఎల్తాం. ఎల్లే ముందు మొట్టమొదట ముండమోపి మొహం సూడాలేటి? పాలు పడకపోతే? కత్తి సెయ్యి మీద పడితే?"

"ఇప్పుడు పాలు తగ్గిన రోజులు లేవా? అప్పుడు ఎవరి ముఖం చూశారు?"

"మా ఆయన మొహం," అంది పెద్దమ్మ తడుముకోకుండా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ శనివారం 'విధవ ముఖమా, విజ్ఞానమా' అని చర్చ పెట్టాను. రాబందు ఎదురైనా రైలు ఆగదని, రబ్బరు చెట్టుకు కళ్లు లేవని, దానికి గాటు పెట్టే మనిషి ఎవరిని చూసి వచ్చిందో తెలుసుకునే అవసరం దానికి లేదని గర్జించాను. ఎదుటి పక్షం వాదించడానికి వచ్చిన పాఠశాల ఉపాధ్యాయుడు మధ్యలోనే నా పక్షానికి వచ్చేశాడు. చప్పట్లు దద్దరిల్లాయి. తెల్లవారితే ఆదివారం. చప్పట్లు కొట్టిన వాళ్లందరూ పిన్ని గుమ్మం తప్పించుకుని లయం వెనక మురుగుకాలువ పక్కనుంచి కొళాయికి వెళ్లారు.

వాళ్లకంటే నాకు పెద్ద శత్రువు పిన్ని. తన ముఖంలో దోషం ఉందని అందరికంటే గట్టిగా నమ్మింది ఆమే. చీర చెంగు ముక్కు దాకా లాక్కుని, గోడ వారన నడుస్తూ, మలుపు దగ్గర ముందుగానే కేకేసేది. "ఎవలైనా పనికెల్తన్నారేటి? నానొస్తన్నాను, పక్కకి తిరగండి!" బాధితురాలే తన మీద చాటింపు వేసుకుంటూ తిరిగితే ఉద్యమం నడపడం ఎలాగో ఏ సంస్కర్తా నాకు నేర్పలేదు.

జనవరి ఆఖరున దొరసాని మళ్లీ పిలిచింది. ఫిబ్రవరి ఒకటి వాళ్ల దేశపు సాధ్వి పండుగట. ఆవులకు, పాలకు, పసిపిల్లలకు, పురుళ్లకు ఆవిడే దిక్కు. ముందురోజు పొద్దుగూకే వేళ ఒక ఆడమనిషి సాధ్వి తరఫున రెల్లు మోపు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రానివ్వమని మూడుసార్లు అడగాలి. ఇంట్లోవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని రమ్మని పిలవాలి. తర్వాత ఆ రెల్లుతో నాలుగు చేతుల శిలువలు అల్లి గుమ్మాలకు పెట్టాలి. ఇక ఆ రాత్రి బయట ఒక గుడ్డ వేలాడదీస్తే సాధ్వి పోతూ పోతూ దాన్ని తాకుతుంది. తెల్లారేసరికి ఆ గుడ్డ పొడుగు పెరుగుతుంది. అది కడితే తలనొప్పి పోతుంది, పిల్లలకు ఏ గాలీ సోకదు.

"ఇక్కడ రెల్లు లేదు," అంది దొరసాని. "కొబ్బరాకు చాలు. బాగా అల్లే మనిషి ఎవరున్నారు?"

లయంలో పిల్లలకు కొబ్బరాకుతో చిలకలూ పాములూ అల్లి ఇచ్చేది మా పిన్నే. పేరు చెప్పాలా వద్దా అని తన్నుకులాడాను. ఒక మూఢాచారానికి మనిషిని సరఫరా చేయడం సంఘ నియమాలకు విరుద్ధం. అయితే పిల్లల పాకను చూసుకునేది దొరసానే, ఆమె మెప్పు పిన్నికి అవసరం. అల్లిక చేతిపని కాబట్టి, చేతిపనికి మతం లేదు కాబట్టి, చెప్పవచ్చునని తీర్మానించుకున్నాను. నేను ఒక్కణ్ణే హాజరైన సమావేశం కనుక తీర్మానం ఏకగ్రీవం.

దొరసానికి విధవ అయితే ఫరవాలేదా అని అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "జుట్టు ఎర్రగా ఉండదు కదా?" అని అడిగింది.

ఆ సాయంత్రం పిన్ని స్నానం చేసి, లేత కొబ్బరాకుల కట్ట చంకన పెట్టుకుని బంగళా ముందు నిలబడింది. అనవలసిన మాటలు నేను నేర్పాను. మోకాళ్ల మీద కూర్చోండి, కళ్లు తెరవండి, అమ్మను లోపలికి రానివ్వండి. మందార కంచె వెనక సగం లయం నక్కి చూస్తోంది. పిన్ని తలుపు తట్టింది. తట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

"చెప్పు పిన్నీ!"

"దొరబాబుని అలగ అనొచ్చా?" అని నా వైపు చూసి, తలుపుకేసి తిరిగి, "దొరబాబుగారూ, తప్పుగా అనుకోకండి. కుసింత మోకాళ్ల మీద కూకోవాలంట. మీకు వీలైతేనే," అంది.

లోపల దొరసాని టపీమని కూర్చుంది. వంటవాడు కూర్చున్నాడు. దొర నిలబడే ఉన్నాడు. దొరసాని అతని పాంటు పట్టి లాగింది. మోకాళ్లు పటపటలాడడం మాకు బయటికి వినిపించింది. మూడుసార్లు పిన్ని బతిమాలింది, మూడుసార్లు వాళ్లు రమ్మన్నారు. దొర మూడోసారి రమ్మన్నది పిన్నిని కాదనీ, తనను లేపడానికి వంటవాణ్ణనీ నా అనుమానం.

మెర్డేకా అని ఊరూరా గొంతు చించుకున్న నాయకులెవరూ ఒక్క దొరను మోకాళ్ల మీద కూర్చోబెట్టలేకపోయారు. మా పిన్ని క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చోబెట్టింది.

గుడ్డ సంగతిలో పొరపాటు జరిగింది. ఇంట్లో ఏ గుడ్డయినా ఫరవాలేదని దొరసాని అంటే, దేవతకు కట్టి విడిచిన గుడ్డ పెట్టకూడదని పిన్ని తనంతట తాను నిర్ణయించుకుంది. ఆమె పెట్టెలో కట్టని చీర ఒక్కటే ఉంది. బాబాయి పోయిన పదో రోజున పుట్టింటివాళ్లు పెట్టిన తెల్లచీర. అలాంటి చీర నీడ తగిలినా మావాళ్లు స్నానం చేస్తారు. దాన్ని తెచ్చి, మడత విప్పి, మందార కంచె మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరిచింది.

ఇక్కడ నాలోని శాస్త్రజ్ఞుడు మేలుకున్నాడు. పొడుగు పెరుగుతుందంటారా? ఆఫీసు టేపు తెచ్చి, కంగాణీ, డ్రైవరు సాక్షులుగా చీర కొలిచాను. తెల్లవారి అందరి ముందూ మళ్లీ కొలిచాను. మంచుకు తడిసిన కొత్త నేత చీర. రెండు వేళ్లు తగ్గింది.

"తగ్గింది!" అని గట్టిగా అరిచాను. "పెరగలేదు, తగ్గింది! ఎక్కడ మీ మహిమ?"

పెద్దమ్మ చీర చివర పట్టుకుని చూసింది. కళ్లు పెద్దవి చేసింది.

"ఒలమ్మో! ఎంత దోసం ఉందో అంతా కోసుకుపోయిందమ్మా తల్లి!"

నా జీవితంలో ఎన్నో వాదాలు ఓడిపోయాను కానీ నా టేపుతో నన్నే కొట్టిన వాదం అదొక్కటే. పెరిగితే మహిమ. తగ్గితే దోష నివారణ. ఉన్నంతే ఉంటే ఏమనేవారో అడిగాను. "అమ్మ సల్లగా సూసి ఎల్లిపోయిందనేవోళ్లం," అంది పెద్దమ్మ. ఆవిడకు ఎప్పటినుంచో సగం తలనొప్పి. మొదటి పేలిక ఆవిడే చింపుకుని నుదుటికి కట్టుకుంది. నీడ తగిలితే స్నానం చేయవలసిన చీర మధ్యాహ్నానికి పేలికలై పిల్లల మొలతాళ్లకు, చేతులకు చేరింది. గుమ్మం గుమ్మానికీ కొబ్బరాకు శిలువ. గేటు దగ్గరి మలాయ్ సార్జెంటు అది అడవిలోవాళ్ల సంకేతమేమోనని నన్ను నిలదీశాడు. పిల్లల కోసమని చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా చిన్నది రాత్రిళ్లు ఊరికే ఏడుస్తోంది. ఒకటి నాకూ ఇప్పించు లా."

అయితే పేలిక వేరు, ముఖం వేరు. పాక పని మాట ఎత్తితే తల్లులు మళ్లీ నీళ్లు నమిలారు. దోషం పోయిందో, కొంచెం మిగిలిందో ఎవరు చూశారు? సోమవారం దొరకు జవాబు చెప్పాలి. శనివారం సభకు లయమంతా వచ్చింది. పిన్ని వెనక వరసలో కూర్చుంది.

నేను లేచి, పేలికల్లో మహిమ లేదని మొదలుపెట్టబోయాను. పెద్దమ్మ ముందే లేచింది, నుదుటి పేలికతో సహా.

"ఒకటే మాట కిరాణీ. నివ్వు మొలతాడు కట్టుకోవు, రక్షరేకు కట్టుకోవు. ఆ చీర పేలిక నీ సేతికి కట్టుకో. సొంత అక్క కొడుకే కట్టుకోపోతే అందులో దోసం ఉన్నట్టే. కట్టుకుంటే పిల్లల్ని దించుతాం."

దీపం బుసకొడుతోంది. కట్టుకోనంటే నా సూత్రం నిలుస్తుంది, పిన్ని బంటింగ్ వసారాకు పోతుంది. మహిమ లేదని నిరూపిస్తే దోషం ఉందని వీళ్లు అర్థం చేసుకుంటారు. మహిమా దోషమూ రెండూ లేని మూడో స్థితి ఒకటుంటుందని ఎంత చెప్పినా ఈ దీపం కింద ఎవరి బుర్రలోకీ ఎక్కదు. వెనక్కి చూశాను. పిన్ని ముఖం మీద చెంగు లేదు. బాబాయి పోయాక నలుగురి మధ్య ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. చెంప మీద పుట్టుమచ్చ ఉన్న సంగతే మరిచిపోయాను. ఆ సాధ్వి తన దోషం కోసుకుపోయిందని ఆమె నమ్మేసింది. మెర్డేకా అంటే ఏమిటో ఇప్పటికీ తెలియని మనిషి.

"కట్టుకుంటాను," అన్నాను. జనం హోరుమన్నారు. చెయ్యెత్తి ఆపాను. "ఒక షరతు. పేలిక నా అంతట నేను కట్టుకోను. పిన్ని కట్టాలి. నాకే కాదు, కావాలన్న ప్రతి తల్లికీ, ప్రతి పిల్లకీ ఆమె చేత్తోనే కట్టాలి. ఎదురుగా నిలబడి, ఆమె ముఖం చూస్తూ కట్టించుకోవాలి. లేకపోతే పేలికలన్నీ ఇప్పుడే విప్పి ఇచ్చేయండి."

తలనొప్పి ఎక్కువైందో ఏమో, పెద్దమ్మ నుదుటి పేలిక తానే విప్పి పిన్ని చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. "గట్టిగా కట్టు. నిన్న జారిపోయింది," అంది.

వరస కదిలింది. నా చేతికి పిన్ని పేలిక కడుతున్నంతసేపూ ఇది కేవలం నూలు గుడ్డ అని, ఇందులో పత్తి తప్ప మరేమీ లేదని, దీన్ని నేను నిరసనగా ధరిస్తున్నానని బిగ్గరగా ప్రసంగించాను. కదలకురా, ముడి పడటంలేదని పిన్ని కసిరింది. నా వెనకున్నవాళ్లు తొందరగా కానివ్వమని నన్ను తోశారు. ఆ రాత్రి ప్రసంగం నా జీవితంలోకెల్లా గొప్పదని నా అభిప్రాయం. విన్నవాళ్లు దొరకలేదు కాబట్టి మరో అభిప్రాయం లేదు.

పనికిరాని కారణంతో పనికొచ్చే పని జరిగితే సంతోషించాలని కొందరు మిత్రులు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నేను ఒప్పుకోను. రేపు ఇంకో దొరసాని ఇంకో కాలెండరుతో వచ్చి ఆ ముఖం చెడ్డదంటే ఏం చేస్తారు?

సోమవారం చీకటితోనే పాక దగ్గరికి వెళ్లాను. ఎవరైనా వెనక్కి తిరిగితే అక్కడికక్కడే వాదించాలని, పాయింట్లన్నీ వరసగా నెమరు వేసుకుంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పిన్ని లోపల ఉయ్యాలలు కడుతోంది. పనికెళ్లే ఆడవాళ్లు తలకు దీపాలు కట్టుకుని, చంకల్లో పిల్లలతో వచ్చారు. ముందు పెద్దమ్మ, మనవణ్ణెత్తుకుని. నన్ను చూసి ఆగింది. వెనక అందరూ ఆగారు. వచ్చింది తగువు అనుకుని గొంతు సవరించుకున్నాను.

"ఏటలగ ఆగిపోనారు?" అని పిన్ని బయటికి వచ్చింది. నన్ను చూసింది. చీర చెంగు నడుముకు దోపుకుని, నా భుజం పట్టి పక్కకి లాగింది.

"గుమ్మంలోంచి జరుగు నాయనా. పొద్దున్నే పనికెల్లేవోళ్లు మొట్టమొదట నీలాటి తగువులమారి మొహం సూడాలేటి? ఆళ్లకి పాలు పడొద్దా?"

పెద్దమ్మ ఆ మాటకు తలూపి, మనవణ్ణి పిన్ని చేతుల్లో పెట్టి, "ఈడు పాలు కక్కుతాడు, కుసింత కుసింతే పట్టు," అని తోటలోకి వెళ్లిపోయింది.